గూడబాతులు ఎంచుకున్న ఊళ్ళు

గూడబాతు తిండి వెతుక్కునేది చెరువుల్లో, మడుగుల్లో. పిల్లల్ని పెంచేది మాత్రం చెట్ల మీద, అదీ చాలాచోట్ల ఊరి నడుమ చెట్ల మీదే. ముక్కు కింద సంచితో నాలుగు నుంచి ఆరు కిలోలు తూగే ఈ పెలికాన్ రెండు మూడు గుడ్లు పెడుతుంది. నెల రోజులు పొదిగాక పిల్లలు ఎగరడానికి మరో మూడు నెలల పైనే పడుతుంది. అంతకాలం చెట్టు కింద మనుషులు రెట్టల కంపును, రొదను, రాలిపడే చేప ముక్కలను భరించాలి. అందుకే తెలుగునాట గూడబాతుల చరిత్ర అంటే చాలావరకు ఊళ్ళ ఓర్పు చరిత్రే.

దీనికి పాత సాక్ష్యం టి.సి. జెర్డన్‌ది. నెల్లూరులో వైద్యుడిగా పనిచేసిన ఆయన 1860ల్లో వెలువడిన తన భారత పక్షుల గ్రంథంలో కర్నాటిక్ ప్రాంతపు ఒక ఊరిని ప్రస్తావించాడు. అక్కడ గూడబాతులు తరతరాలుగా ఊరి మధ్య పొట్టి చెట్ల మీద గూళ్ళు కడుతున్నాయనీ, మనుషుల అలికిడిని పట్టించుకోవనీ రాశాడు. 1902లో సి.ఇ. రీనియస్ కడప జిల్లా బుచ్చుపల్లెలో గూడబాతులు గుంపుగా గూళ్ళు కట్టే ఇంకో కొలువు చూశాడు. అది తర్వాత కనుమరుగైంది.

అన్నిటిలోకీ పెద్దది కొల్లేరు ప్రాంతానిది. 1946లో కె.కె. నీలకంఠన్ పశ్చిమ గోదావరి జిల్లా ఆరేడులో దాన్ని గుర్తించి, 1949లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో వివరంగా రాశాడు. ‘ఇందుచూడన్’ పేరుతో మలయాళ పాఠకులకు పక్షుల్ని పరిచయం చేసిన రచయిత ఈయనే. అప్పట్లో అక్కడ దాదాపు 3,000 గూడబాతులు ఉండేవి. 1975 నాటికి ఆ కొలువు అంతరించింది. అంత పెద్ద కొలువు ముప్పై ఏళ్ళలో చెదిరిపోవడం ఈ చరిత్రలో అతి బాధాకరమైన ఘట్టం.

మరుసటి ఏడాదే, 1976లో, నెల్లూరు జిల్లా దొరవారిసత్రం దగ్గరి నేలపట్టు అభయారణ్యమైంది. (ఆ ప్రాంతం ఇప్పుడు తిరుపతి జిల్లాలో ఉంది.) విస్తీర్ణం ఐదు చదరపు కిలోమీటర్లకు లోపే. వాన కురిసి చెరువు నిండితే కడప అనే జాతి చెట్లు నీళ్ళలో మునిగి నిలబడతాయి. పాము, పిల్లి, నక్క అక్కడికి చేరడం కష్టం. మేత పులికాట్ సరస్సులో, గూడు నేలపట్టులో; రెండిటికీ మధ్య ఇరవై కిలోమీటర్లు. చెరువు నిండని ఏడు ఈ ఏర్పాటంతా తలకిందులవుతుంది.

ప్రభుత్వ కంచె లేని ఊళ్ళ కథ వేరు. శ్రీకాకుళం జిల్లా టెక్కలి మండలం తేలినీలాపురానికి గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు సెప్టెంబరులో వచ్చి వేసవి ముందు వెళ్ళిపోతాయి. పక్షులు రాని ఏడు పంట సరిగా పండదని అక్కడి నమ్మకం. లేపాక్షి వైపున్న వీరాపురంలో చింతచెట్ల మీద దిగే కొంగలను పురుటికి పుట్టింటికొచ్చిన ఆడపడుచుల్లా చూస్తారు. గుంటూరు దగ్గరి ఉప్పలపాడులో చెట్లు చాలక చెరువులో ఇనుప మంచెలు నిలిపారు. పక్షుల దగ్గర మనుషులు ఎలా మెలగాలో వేరేచోట్ల రాసిపెట్టుకోవాల్సి వచ్చింది. ఉదాహరణకు, పెంగ్విన్ల తీరాలకు ఓడల్లో యాత్రికుల్ని తీసుకెళ్ళే సంస్థలు 1991లో సంఘంగా ఏర్పడ్డాయి. పక్షికి ఐదు మీటర్ల ఎడం పాటించాలనీ, ఒకేసారి వందమందికి మించి ఒడ్డున ఉండకూడదనీ అవి నియమాలు అమలు చేస్తున్నాయి. ఈ ఊళ్ళలో అలాంటి కట్టుబాటు కాగితం మీదికి ఎక్కకుండానే నడిచింది.

కొల్లేరుకు రక్షణ ఆలస్యంగా వచ్చింది. 1999లో 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యమైంది, 2002లో చిత్తడినేలల రామ్‌సార్ జాబితాలో చేరింది, 2006లో ఆక్రమించి తవ్విన చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. కైకలూరు దగ్గరి ఆటపాకలో అటవీశాఖ మంచెలు నిలిపి, గూడబాతులు మళ్ళీ పిల్లల్ని పెంచేలా చూసింది.

చెట్లను కాపాడితే పని పూర్తికాదని 2022 తొలి నెలల్లో తేలినీలాపురంలో తేలింది. పెద్ద సంఖ్యలో గూడబాతులు చనిపోయాయి. కారణం కడుపులో పురుగులు. పక్షులు మేతకు వెళ్ళే చేపల చెరువుల నుంచి అవి చేరాయని పరిశీలకులు తేల్చారు. ఆ చెరువులు ఊరి పొలిమేర దాటి ఉన్నాయి. వాటి మీద ఊరివాళ్ళ మాట చెల్లదు.