వానలో ఘాటెక్కు కారు



నైజాము రాష్ట్ర రైల్వేవారి రోడ్డు రవాణాశాఖ 1932 జూను నెలలో 27 బస్సులతో ప్రారంభమయ్యెను. మోటారు ప్రయాణము మన సీమలో వ్యాపించిన కొలఁది వానకాలపు చిక్కొకటి తెలియవచ్చెను: ముందరి అద్దముపై నీరు నిలిచిన దారి కానరాదు.

ఆ నీటిని తుడుచు వైపరునకు 1903లో అమెరికాలో మేరీ ఆండర్సన్ అను స్త్రీ పేటెంటు పొందెను. దానిని చేతితో నాడింపవలెను. 1920 ప్రాంతమున ఇంజను గాలిని పీల్చుకొను బలముతోనే వైపరు నాడించు ఉపాయము వచ్చెను. ఖర్చు స్వల్పము, లోపము పెద్దది. అట్టి కారు నిర్మలు దాటి మహబూబు ఘాటు నెక్కునపుడు డ్రైవరు ఆక్సిలరేటరు గట్టిగా త్రొక్కును, త్రొక్కినంతనే ఆ పీల్పు తగ్గును, వైపరు నిలిచిపోవును. ఎదుట మలుపు, కన్నులకు నీటి తెర!

1926లో జర్మనీయందలి బాష్ కంపెనీ విద్యుత్తుతో నడచు వైపరును తెచ్చెను. బ్యాటరీబలమున నాడునుగాన ఎత్తున నైనను పల్లమున నైనను అది యాగదు. నేడును పాతకారులను కాపాడుకొనువారిలోఁ గొందఱు ఈ మార్పు చేయింతురు. వారు బ్యాటరీ 6 వోల్టులదో 12 వోల్టులదో చూచి తగిన మోటారు కొనవలెను. ఇంజనువద్ద పాత గాలిగొట్టపు రంధ్రమును గట్టిగా మూయవలెను. లేనిచో గాలి దూరి ఇంజను నడక చెడును.

పాతదానిని ఉన్నదున్నట్లు నిలుపు కోరిక మెచ్చఁదగినదే. అయినను వానలో ఘాటెక్కు కారునకు దారి కనఁబడుటయే ముఖ్యము.