వరంగల్ రైల్వే స్టేషన్

వరంగల్ రైల్వే స్టేషన్ తెలంగాణలోని వరంగల్ నగరంలో, కాజీపేట–విజయవాడ మార్గంపై ఉన్న దక్షిణ మధ్య రైల్వే స్టేషన్. ఇది సికింద్రాబాద్ డివిజన్ పరిధిలోకి వస్తుంది. స్టేషన్ కోడ్ డబ్ల్యు.ఎల్.

1874లో వాడి నుంచి సికింద్రాబాద్ వరకు వేసిన, తర్వాత నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వేలో భాగమైన 1,676 మిల్లీమీటర్ల బ్రాడ్‌గేజ్ లైను 1886లో వరంగల్ చేరింది. ఇల్లెందు బొగ్గు ప్రాంతాన్ని కలుపుతూ ముందుకు సాగిన మార్గం 1889లో బెజవాడను (నేటి విజయవాడను) అందుకుంది. 1929లో కాజీపేట–బల్లార్షా లైను పూర్తవడంతో ఢిల్లీ–మద్రాసు రైళ్లకు వరంగల్ దారి అయింది. నిజాం రైల్వే 1951లో మధ్య రైల్వేలో కలిసింది. 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే ఏర్పడింది.

అమృత్ భారత్ స్టేషన్ పథకం కింద స్టేషన్‌ను కాకతీయ శిల్పశైలిని తలపించేలా తీర్చిదిద్దారు. పునర్నిర్మిత స్టేషన్ 2025 మే 22న ప్రారంభమైంది. ఆ శైలికి ప్రసిద్ధ నమూనా వరంగల్ కోటలోని కీర్తితోరణం: శిథిలమైన స్వయంభూ దేవాలయానికి నాలుగు దిక్కులా నిలిచిన రాతి ద్వారాలు, అడ్డదూలంపై చెక్కిన హంసలు. 2014లో తెలంగాణ రాజముద్రలోనూ ఈ తోరణం చోటు చేసుకుంది.

కోటకు, వేయిస్తంభాల గుడికి, 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన పాలంపేట రామప్ప దేవాలయానికి వెళ్లే యాత్రికులు ఇక్కడ దిగుతారు.