బంటి నుంచి క్యూసెక్కు దాకా: కొల్లేరు, గోదావరి పడవ ప్రయాణాలలో నీటిమట్టపు అంచనా

ఏలూరు, తాడేపల్లిగూడెం పట్టణాల నడుమ ఉన్న భీమడోలు మూడు రకాల నీళ్లకు చేరువైన ఊరు. విజ్జేశ్వరం దగ్గర మొదలయ్యే గోదావరి పశ్చిమ డెల్టా నీరు ఏలూరు కాలువగా ఈ ఊరి మీదుగా సాగుతుంది. దక్షిణాన కొల్లేటి పల్లం మొదలవుతుంది. ఉత్తరాన ద్వారకా తిరుమల మెట్ట దాటి పోతే పోలవరం, ఆపైన పాపికొండల ఇరుకులో గోదావరి. కాలువలో నీటిమట్టాన్ని మనుషులు నిలబెడతారు. సరస్సులో మట్టం పెరిగితే నీరు అడ్డంగా పరుచుకుంటుంది. కొండల మధ్య అదే నీరు నిలువుగా లేచి వేగం పుంజుకుంటుంది. జనం గుంపుగా పడవెక్కే ముందు వేసుకునే ప్రశ్న మాత్రం మూడు చోట్లా ఒక్కటే: ఇవాళ ఈ నీటి మీద పోవచ్చా? ఈ ప్రశ్నకు ఎవరు, ఏ కొలతతో జవాబు చెబుతూ వచ్చారన్నది ఈ వ్యాస విషయం. పడవ ప్రయాణపు భద్రతకు నేడు వాడుతున్న కొలతలు చాలావరకు వేరే అవసరాల కోసం పుట్టినవని, ఆ సంగతి మరుగున పడటం ప్రాణాంతకమవుతున్నదని ఇందులోని ప్రతిపాదన.

తెలుగులో నీటిలోతుకు మొదటి కొలబద్ద మనిషి ఒళ్లు. మోకాటిబంటి, మొలబంటి, రొమ్ముబంటి, కుత్తుకబంటి అనే మాటల్లో 'బంటి' హద్దును చెబుతుంది. దాని పైది నిలువులోతు. సంస్కృతంలోనూ ఇదే పద్ధతి. ప్రమాణార్థంలో పాణిని చెప్పిన ద్వయసచ్, దఘ్నచ్, మాత్రచ్ ప్రత్యయాలలో రెండవదాని వల్లనే జానుదఘ్నం, కంఠదఘ్నం వంటి మాటలు ఏర్పడ్డాయి. ఈ కొలత నడిచి ఏరు దాటేవాడిది. వాడికి లోతే ప్రమాదం. పడవవాడి సంగతి వేరు. లోతు తగ్గితే అతనికి అడుగు తగులుతుంది, పెరిగితే వేగం మారుతుంది. అందుకే అతని పలుకుబడిలో లోతుకన్నా నీటి నడతను చెప్పే మాటలే ఎక్కువ: ఉరవడి, సుడి, గుండం, మడుగు, ఎదురునీరు. జూలైలో గోదావరికి వచ్చే ఎర్రనీరు కూడా ఇటువంటి మాటే. పైకి రంగును మాత్రమే చెబుతున్నట్టున్నా, ఎగువన వానలు పడి నది స్వభావం మారిందన్న సమాచారం అందులో ఉంది. నిఘంటుకారులు వీటిని చాలావరకు వర్ణన పదాలుగా చూశారు. నిజానికి ఇవి నిర్ణయానికి పనికివచ్చే పదాలు.

ఆ నిర్ణయాధికారం పడవవాడిదేనని జనం ఒప్పుకొన్నారు, అయితే గట్టు చేరేదాకా మాత్రమే. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అన్న సామెత కృతఘ్నత గురించి చెప్పినదే అయినా, సరంగు అధికారానికి ఉన్న గడువును కూడా తెలుపుతుంది. నీటిమీద అతని మాట శాసనం. రేవులో అతను కూలివాడు. బయలుదేరాలా వద్దా అన్నది తేలేది రేవులోనే కదా.

కొల్లేటి ప్రయాణ సాధనం తాటిదోనె. తాటిమానును తొలిచి చేసిన ఈ దోనె లోతు తక్కువ నీటిలో, తుంగ, నాచు మధ్య గడతో నడవటానికి అనువైనది. ఒంటిదోనె సులువుగా ఒరిగిపోతుంది కనుక జనాన్ని ఎక్కించుకోవాలంటే రెండు దోనెలను పక్కపక్కన కట్టేవారు. అలా కట్టినదానికి సంగడి అని పేరు. సంగడి అంటే తోడు, చెలిమి కూడా. స్నేహితుడు సంగడీడు అయినదీ ఈ మాటతోనే. ఏ అర్థం ముందు, ఏది వెనుక అన్న చర్చ ఎలా ఉన్నా, గుంపుగా నీటిమీద పోవటానికి ఉన్న పేరూ, తోడుకు ఉన్న పేరూ ఒకటి కావటం గమనించదగినది. కొల్లేటికోటలోని పెద్దింట్లమ్మ తిరునాళ్లకు ఫాల్గుణ మాసంలో చేరే జనం పూర్వం పడవల మీదనే రావలసి వచ్చేది. ఆ మాసానికి సరస్సులో వరదనీరు తీసిపోయి ఉంటుంది. తిరునాళ్లకు ఆ కాలం కుదరటంలో నీటిమట్టానికి పాత్ర ఉందేమో ఆలోచించవచ్చు. పంటకోతల తర్వాత తీరికా ఒక కారణమే కనుక దీన్ని ఊహగానే ఉంచటం మంచిది.

కొల్లేరు మట్టం గురించిన తలపోత ప్రాచీనం. రెండవ పులకేశి ఐహోళె శాసనంలో (క్రీ.శ. 634) యుద్ధంలో రక్తంతో కలిసినట్లు చెప్పిన 'కౌనాళ' జలం కొల్లేరేనని చరిత్రకారులు గుర్తించారు. దండి దశకుమారచరితంలో ఆంధ్రనగరం దగ్గర వర్ణించిన సముద్రం వంటి సరస్సు కూడా ఇదేనని ప్రసిద్ధమైన అభిప్రాయం. ఆ కథను 13వ శతాబ్దంలో కేతన తెలుగు చేశాడు. అయితే ఈ వ్యాసానికి వీటికన్నా దగ్గరిది గెజిటీర్లకెక్కిన ఒక స్థలకథ. గజపతి సేనాని ఒకడు కొల్లేటి నడుమ ఉన్న కోటలో ఉండగా శత్రువులు గట్టున చిగురుకోట దగ్గర విడిది చేశారు. సరస్సు నీటిని సముద్రంలోకి దించితే కోట మీదికి నడిచి పోవచ్చని కాలువ తవ్వారు. నేటి ఉప్పుటేరు అదేనని కథ. సేనాని దేవత అనుగ్రహం కోసం తన కూతురిని బలి ఇచ్చాడు. ఆమె పేరిట ఆ చోటు పేరంటాల కనుమ అయింది. కథలో చారిత్రకాంశం ఎంతన్న ప్రశ్న పక్కన పెడితే, ఒక మెలకువ మాత్రం స్పష్టం. కొల్లేటిలో కోటగోడ రాతితో కట్టినది కాదు, అది నీటిమట్టం. కొన్ని అడుగులు దిగితే పడవదారి కాలిదారి అవుతుంది. పాపికొండల్లోనూ పేరంటాలపల్లి అనే ఊరు ఉండటం కాకతాళీయమే కావచ్చు. నీటిదారుల పక్కన పేరంటాళ్ల పేర్లను సేకరించి చూడవలసిన పని మిగిలే ఉంది.

కథలోని ఆ మెలకువను ఆధునిక కొలతలు బలపరుస్తున్నాయి. సముద్రమట్టానికి +5 అడుగుల కాంటూరు దగ్గర కొల్లేరు విస్తీర్ణం 308 చదరపు కిలోమీటర్లు. +10 అడుగుల దగ్గర 901. అయిదు అడుగుల తేడాకు సరస్సు దాదాపు మూడింతలవుతుంది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చే నీటికి సముద్రం దారి ఉప్పుటేరు ఒక్కటే. సముద్రపు పోటు వేళ అదీ మందగిస్తుంది. 1999లో వన్యప్రాణి అభయారణ్యాన్ని ప్రకటించినప్పుడు +5 కాంటూరునే హద్దుగా తీసుకున్నారు. 2002లో కొల్లేరు రాంసర్ చిత్తడినేలల జాబితాలో చేరింది. అప్పటి నుంచి ఈ ప్రాంతంలో 'కాంటూరు' అనేది నిత్యవ్యవహారంలో మాట. భూమి ఎవరిది, చెరువు ఉంచాలా కొట్టాలా అన్నవి దానితోనే తేలుతాయి. కానీ గడ వేసే దోనెవాడికి ఆ అంకెతో పని తక్కువ. వాడికి కావలసింది గాలి ఎటు తిరిగింది, గుర్రపుడెక్క ఎటు కొట్టుకువచ్చింది అన్న సమాచారం. కాంటూరు హద్దుల కోసం పుట్టిన అంకె.

కాలువ విషయం క్లుప్తంగా చెప్పుకోవచ్చు. ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో మొదలై 1852కు పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట సాగునీటితో పాటు రవాణా కాలువలను ఇచ్చింది. ఏలూరు దగ్గర గోదావరి, కృష్ణా కాలువలు కలవటంతో కాకినాడ నుంచి బెజవాడ మీదుగా మద్రాసు దాకా పడవదారి ఏర్పడింది. లాకుల దగ్గర మట్టాన్ని ఎక్కించి దించుతారు కనుక ఈ దారిలో నీటిని చదవవలసిన అవసరం ప్రయాణికుడికి గానీ, చాలావరకు పడవవాడికి గానీ లేదు. సాయంత్రం ఎక్కి, నిద్రపోయి, తెల్లవారి దిగే ప్రయాణం మధ్యతరగతి జ్ఞాపకంలో భాగమైంది. తెలుగు రచనల్లో పడవ ప్రయాణానికి తరచుగా కనిపించే తీరుబడి, ముచ్చట్లు, వెన్నెల చాలావరకు కాలువ లక్షణాలని భావించవచ్చు. తర్వాతి కాలంలో ఆ నిబ్బరాన్ని నది మీదికి కూడా తీసుకుపోయారు. రాజమండ్రి నుంచి భద్రాచలం దాకా గోదావరి మీద గుంపు ప్రయాణమే కథగా బాపు 'అందాల రాముడు' (1973), శేఖర్ కమ్ముల 'గోదావరి' (2006) వచ్చాయి. రెండింటిలోనూ నది ఆత్మీయమైన రంగస్థలం. నీటిమట్టం కథకు కీలకం కాదు.

నది మాత్రం కాలువలా ఉండదని తొలినాళ్లలోనే తెలిసివచ్చింది. నాగపూరు, బీరారు పత్తిని గోదావరి మీదుగా తీరానికి చేర్చాలన్న ఎగువ గోదావరి నౌకాయాన పథకానికి అడ్డుపడినవి మూడు రాతివరుసలు: దుమ్ముగూడెం, ఇచ్చంపల్లి, దేవలమర్రి. అక్కడ నీరు రాళ్ల మధ్య నురగలు కక్కుతూ దూకుతుంది. ఎండాకాలంలో రాళ్లు తేలి దారి ఉండదు. నడివానల్లో వేగానికి పడవ ఎదురు నిలవదు. పడవ సాగగల మట్టం ఈ రెంటి మధ్య కొంతకాలమే. ఆ కాలాన్ని పొడిగించటానికే ఆనకట్టలు, లాకులు తలపెట్టారు. 1867కు రైలు నాగపూరు చేరింది. 1871లో పథకాన్ని వదిలేశారు. దుమ్ముగూడెం ఆనకట్ట దానికి మిగిలిన గుర్తు. ఈ వైఫల్యాన్ని ఆర్థిక చరిత్రకారులు లాభనష్టాల లెక్కగానే చూశారు. ఒకే మట్టం ఒకచోట దారి, మరొకచోట అడ్డంకి అవుతుందన్న పాఠం కూడా అందులో ఉంది. దాన్ని ఎవరూ పట్టించుకున్నట్టు లేదు.

నేడు గోదావరికి అధికారిక భాష అడుగులు, క్యూసెక్కులు. సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు ఒక క్యూసెక్కు. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండవది, 17.75కు మూడవది. ప్రవాహంలో ఇవి సుమారు 10, 13, 17 లక్షల క్యూసెక్కులు. భద్రాచలంలో ఈ మెట్లు 43, 48, 53 అడుగులు. 1986 ఆగస్టులో అక్కడ నది 75.6 అడుగులకు చేరింది. ఏటా వానల్లో ఈ అంకెల కోసం తీరగ్రామాలు రేడియో ముందు, ఇప్పుడు ఫోను ముందు కూర్చుంటాయి. ఇవి గట్లకూ, లంకలకూ, పల్లపు ఊళ్లకూ చెప్పే హెచ్చరికలు. ఊరు ఎప్పుడు ఖాళీ చేయాలో చెబుతాయి. పడవ ఎప్పుడు ఆపాలో చెప్పటానికి వీటిని పెట్టలేదు.

2019 సెప్టెంబరు 15న గండిపోచమ్మ రేవు నుంచి పాపికొండలకు బయలుదేరిన పర్యాటక పడవ కచ్చులూరు దగ్గర మునిగింది. అందులో డెబ్భై మందికి పైగా ఉన్నారు, 26 మంది బయటపడ్డారు. నాటి వార్తల ప్రకారం నదిలో ప్రవాహం 5 లక్షల క్యూసెక్కుల ప్రాంతంలో ఉంది. అంటే మొదటి హెచ్చరిక జారీ అయ్యే ప్రవాహంలో సగం. హెచ్చరికల భాషలో ఆ రోజు నదికి ప్రమాదం లేదు. రాజమండ్రి దగ్గర రెండున్నర కిలోమీటర్లకు పైగా పరుచుకునే నది పాపికొండల మధ్య కొన్ని వందల మీటర్ల ఇరుకులో, మలుపులో, సుడుల మధ్య పోతుంది. అదే 5 లక్షలు అక్కడ వేరే నీరు. కొల్లేటిలో అడ్డంగా పోయే పెరుగుదల ఇక్కడ లోతూ, వేగమూ అవుతుంది. ఆ మునక పడవను అక్టోబరు 22న గానీ పైకి తేలేకపోయారంటే ఆ చోటు ఎటువంటిదో ఊహించవచ్చు. అంతకుముందు ఏడాది 2018 మే 15న మంటూరు దగ్గర లాంచీ మునిగినప్పుడు వరదే లేదు. ఈదురుగాలి కారణం. ఒకే మండలంలో పదహారు నెలల తేడాతో జరిగిన ఈ రెండు ప్రమాదాలలో దేనినీ ధవళేశ్వరం కొలబద్ద ముందుగా పట్టగలిగేది కాదు.

వేగంగా దూకే నదుల మీద జట్లుగా తెడ్లు వేస్తూ పోయే క్రీడలో ఈ చిక్కును మరోలా ఎదుర్కొన్నారు. అంతర్జాతీయంగా దూకుడు నీళ్లను ఆరు తరగతులుగా విభజిస్తారు. ఆ తరగతి నదికంతటికీ చెందదు, ఒక్కొక్క రాతివరుసకు విడిగా ఉంటుంది. మట్టం మారితే అదీ మారుతుంది. ప్రతి భాగానికీ ఇంత కన్నా తక్కువైతే పోరాదు, ఇంత కన్నా ఎక్కువైతే పోరాదు అని రెండు హద్దులుంటాయి. ఋషీకేశంలో గంగ మీద నడివానల కాలంలో ప్రయాణాలు ఆపేస్తారు. మన వరద హెచ్చరికకు ఒక్కటే హద్దు, పైది. దుమ్ముగూడెం దగ్గర నూటయాభై ఏళ్ల కిందట తెలిసిన రెండు హద్దుల సంగతి ఇదే. కచ్చులూరు తర్వాత రాష్ట్రంలో తొమ్మిది చోట్ల కంట్రోల్ రూములను తలపెట్టారు. గండిపోచమ్మ, పేరంటాలపల్లి, పోచవరం వాటిలో ఉన్నాయి. అంటే రేవులో తేలవలసిన నిర్ణయం సరంగు చేతి నుంచీ, యజమాని చేతి నుంచీ మూడవ మనిషికి చేరింది. ఇది అవసరమైన మార్పే. అయితే ఆ మూడవ మనిషి ముందున్న అంకె ధవళేశ్వరానిదా, కచ్చులూరు మలుపుదా అన్నదాని మీదనే దాని ఫలితం ఆధారపడుతుంది.

ఈలోగా మలుపులే మారుతున్నాయి. పోలవరం ఎగువ కాఫర్‌డ్యాం కట్టి 2021 జూన్‌లో ప్రవాహాన్ని స్పిల్‌వే వైపు మళ్లించాక ఎగువన నీరు నిలిచి, వరద రోజుల్లో గండిపోచమ్మ ఆలయం మునుగుతోంది. దేవీపట్నం ప్రాంతపు ఊళ్లు ఖాళీ అయ్యాయి. ఏ రాయి మునిగితే పడవ తీయరాదు, ఏ మడుగులో ఎదురునీరు తిరుగుతుంది అని చూసి చెప్పగలిగిన వాళ్లు పునరావాస కాలనీలకు చేరారు. వారు గుర్తుగా పెట్టుకున్న రాళ్లు ఇప్పుడు నీటి అడుగున ఉన్నాయి. ఆ రాళ్ల పేర్లు, సుడుల పేర్లు ఏ నిఘంటువులోనూ చేరలేదు. వాటిని చెప్పగలిగిన వారు ఇంకా ఉన్నారు.