ఔషధవిద్యలో దగ్గరి దారి



గత వేసవిలో ఒకనాడు దుమ్ముగూడెము ప్రాంతమునుండి ఒక కోయబాలిక తన తండ్రితో గూడ మా యింటికి వచ్చెను. ఆమె ఇంటర్మీడియేటు పరీక్షయందు ఉత్తీర్ణురాలైనది. ఫార్మసీ చదువవలెనని ఆమె కోరిక. "తాతా, రెండేండ్లదొకటి, నాలుగేండ్లదొకటి, ఆరేండ్లదొకటి ఉన్నవట. తొందరగా అయిపోయేది తీసుకుంటే తప్పా?" అని నన్నడిగెను. తండ్రి యేమియు పలుకలేదు. కాని "రెండేండ్లు" అను మాట వినబడినప్పుడు ఆయన ముఖమున తోచిన యూరటను నేను గమనించితిని. ఆ యింట మరి యిద్దరు పిల్లలు కలరు. పోడుసేద్యము తప్ప వేరొక యాధారము లేదు.

నేను నలుబదియేండ్లకు పైగా ఈ వృత్తియందు గడపినవాడను. అయినను ఆమెకు వెంటనే బదులు చెప్పజాలకపోతిని. "వచ్చే ఆదివారం రా, బిడ్డా" అని పంపివేసితిని. ఆ వారమంతయు నేను తలపోసిన సంగతులనే నేడు మీకు విన్నవించుచున్నాను. ఏలయన, ఔషధవిద్యలో దగ్గరి దారి వెదకుట ఈ బాలికతో మొదలైనది కాదు. మన సీమలో దానికి ఒక చరిత్ర కలదు.

భద్రాచలము చుట్టునుండు అరణ్యభూమికి మన్యమని పేరు. అచ్చటి మలేరియాకు మన్యపు జ్వరమని పేరు. గోదావరిపై ఎగువకు పడవలు నడుపవలెనని తలచి, గత శతాబ్దికి ముందటి శతాబ్దిలో దొరతనమువారు దుమ్ముగూడెముకడ ఆనకట్ట పనులు సాగించిరి. జ్వరము పనివారిని పీడించెను, వ్యయము పెరిగెను, తుదకు 1871లో ఆ ప్రయత్నమును మానుకొనిరి. ఆ జ్వరమునకు ఆనాడు తెలిసిన మందు సింకోనా బెరడునుండి తీయు క్వినైను ఒక్కటియే. 1860 తరువాత నీలగిరులయందు సింకోనా తోటలు వేసిరి. 1892లో వంగదేశమున తపాలాకచేరీలయందు పైసకొక పొట్లము చొప్పున క్వినైను అమ్మింప మొదలిడిరి. తరువాత ఇతర రాష్ట్రములకును ఆ పద్ధతి వ్యాపించెను.

అది గొప్ప యుపకారమే. కాని పొట్లమును అందించుట వేరు. ఎవరికి ఎంత యీయవలెనో, ఎవరికి అసలే యీయరాదో ఎరిగి యిచ్చుట వేరు. ఈ రెండవ పనికై యేర్పడిన మనుష్యుడు కాంపౌండరు. మద్రాసు వైద్యకళాశాలలో 19వ శతాబ్ది ఉత్తరార్ధమునందే మందులు కలుపువారికి తరగతులు నడచినవి. కాని పల్లెలందును మన్యమందును పనిచేసిన కాంపౌండర్లలో అనేకులు ఏ తరగతికిని పోయినవారు కారు. డాక్టరుప్రక్క నిలిచి, కల్వములో నూరి, తక్కెడలో తూచి, ఔన్సుగ్లాసుతో కొలిచి నేర్చుకొనినవారే. సీసాకు ఒక ప్రక్క, పూటకొక గంటు చొప్పున కత్తిరించిన కాగితపు పట్టీ అంటించి యిచ్చుట నాకు బాల్యమునందు చూచిన జ్ఞాపకము. చదువురాని రోగియు ఆ గంటు చూచి తన మోతాదు తెలిసికొనెడివాడు. ఆనాటి దగ్గరి దారి అదియే. అందు పుస్తకజ్ఞానము కొరవడినది, చేతిపని కొరవడలేదు.

1927 నాటికి దేశమున క్వినైను మొదలగు మందులలో కల్తీ మిక్కుటమై, కౌన్సిల్ ఆఫ్ స్టేట్‌లో దానిపై తీర్మానము వచ్చెను. 1930లో కర్నల్ రామనాథ్ చోప్రాగారి అధ్యక్షతను ఒక విచారణసంఘమును నియమించిరి. మందుల తయారీకిని అమ్మకమునకును శాసనము వలయుననియు, మందులు ఇచ్చువారికి క్రమమైన విద్య వలయుననియు ఆ సంఘము 1931లో నివేదించెను. 1932లో మహాదేవ లాల్ ష్రాఫ్‌గారు కాశీ హిందూ విశ్వవిద్యాలయమున ఔషధవిద్యాబోధ ప్రారంభించిరి. 1937లో అచ్చట బి.ఫార్మసీ పట్టము వెలసెను. మన తెలుగుదేశమున ఆంధ్ర విశ్వవిద్యాలయము 1951లో ఈ శాఖను నెలకొల్పెను. వరంగల్లులో 1974లో మొదలైన ఔషధవిద్యాశాఖ నేటి కాకతీయ విశ్వవిద్యాలయమునకు చెందినది. మన ఖమ్మమునందును పాల్వంచయందును ఇప్పుడు ఫార్మసీ కళాశాలలు కలవు.

శాసనము సంగతి మన సరిహద్దువారికి మరింత చిత్రముగా నుండును. ఫార్మసీ శాసనము 1948 మార్చి 4న వచ్చినది. ఆనాడు గోదావరికి ఆవలనున్న భద్రాచలము మద్రాసు రాష్ట్రములోని తూర్పుగోదావరి జిల్లాది. ఈవలనున్న ఖమ్మము నిజాము సంస్థానములోనిది. ఆ సంస్థానము ఇండియాలో చేరుట ఆ యేడు సెప్టెంబరులోగాని జరుగలేదు. కావున ఒకే నది, ఒకే జ్వరము, ఒకే భాష గల రెండు ఒడ్లలో ఒకటి శాసనపు పరిధిలో నుండెను, రెండవది లేకుండెను. భద్రాచలము ఖమ్మము జిల్లాలో చేరినది 1959లో.

ఆ శాసనము కూడ దగ్గరి దారి నొకదానిని అంగీకరించెను. చదువుకొనిన ఫార్మసిస్టులు వ్రేళ్లపై లెక్కింపదగినంతమంది యుండిరి గనుక, ఆసుపత్రిలోగాని డాక్టర్ల చీట్లపై మందులిచ్చు చోటగాని ఐదేండ్లకు తక్కువగాక పనిచేసిన కాంపౌండరు మొదటి పట్టికలో నమోదు కావచ్చునని 31వ సెక్షను అనుమతించెను. నమోదైన ఫార్మసిస్టు దప్ప ఇతరుడు చీటీపై మందు కలిపి యీయరాదని 42వ సెక్షను నిషేధించెను. కాని ఈ నిషేధము అమలునకు వచ్చు గడువును పలుమారులు పొడిగించిరి. తుదకు నిలిచిన గడువు 1984 సెప్టెంబరు 1. అనగా శాసనము పుట్టిన ముప్పదియారేండ్లకు! తగిన మనుష్యులు లేనిదే నిషేధము విధించినచో, రోగికి మందిచ్చువాడే లేకపోవునని ప్రభువులు వెనుదీసిరి. అవసరము తొందరపెట్టినప్పుడెల్ల విద్యను కొంత సడలించుచుండుట ఈ చరిత్రయందు పదేపదే కనబడును.

ఆ సడలింపు దేనిని కోసివేయుచున్నదో నేను పుస్తకమునందు నేర్చుకొనలేదు. నా తప్పువలన నేర్చుకొంటిని. దానిని దాచుట న్యాయము కాదు.

నేను రెండేండ్ల డిప్లొమా చదివితిని. చదువు ముగిసిన పిమ్మట దుకాణమున నిలిచి చేయవలసిన శిక్షణగంటలు కలవు. వానిని పుస్తకమునందు నిండించితిని గాని, దుకాణమున నిలిచి నిండింపలేదు. సంతకము చేయువారు చేసిరి, నేను సంతోషించితిని. 1979వ సంవత్సరపు వర్షకాలమున, భద్రాచలము వైపున ఒక మందుల దుకాణములో పనికి కుదిరితిని. డిప్లొమా వచ్చి అప్పటికి ఏడాది కాలేదు. ఒకనాడు ఒక కోయగృహస్థు జ్వరపడిన తన కుమారునికై చీటీ తెచ్చెను. అందు ప్రైమాక్విను బిళ్లలు వ్రాసియుండెను. లెక్కపెట్టి యిచ్చితిని, డబ్బు పుచ్చుకొంటిని. "ఇది వేసినప్పుడు మూత్రము నల్లబడినచో వెంటనే మాని ఆసుపత్రికి పొమ్ము" అను ఒక్కమాట చెప్పలేదు. "ఈ యింట ఇదివరలో ఎవరికైన ఇట్టి మందుతో కీడు కలిగెనా?" అని యడుగలేదు.

మూడవనాటి కా బాలుని మూత్రము నల్లని కాఫీవలె నాయెను, కన్నులు పచ్చబడెను. అయినను తండ్రి, మందు మానరాదను భక్తితో, మరునాడును బిళ్ల వేసెను. 1965లో గోదావరిపై వంతెన వెలసియుండుటచేత, రాత్రికి రాత్రి బాలుని నది దాటించి కొత్తగూడెము వైపు కొనిపోగలిగిరి. రక్తమెక్కించిరి. బాలుడు బ్రదికెను. వాని తండ్రి తరువాత నా దుకాణమునకు వచ్చి నన్ను నిందింపలేదు. "మాకు తెలియక మరొక్క బిళ్ల వేసినాము బాబూ" అని తన్నుదానే నిందించుకొనెను. ఆ మాట నన్ను నేటికిని విడువలేదు.

దాని కారణము అప్పటికే లోకమునకు తెలియును. మన ఎఱ్ఱరక్తకణములందు జి6పిడి అను ఎంజైము కలదు. అది పుట్టుకతోనే కొరవడినవారికి ప్రైమాక్విను ఇచ్చినచో ఆ కణములు పగిలిపోవును. ఈ సంగతిని అమెరికాలో 1956లో కనుగొనిరి. మలేరియా చిరకాలము వేరూరిన సీమల ప్రజలలో ఈ లోపము తరచుగా కనబడును. ఏలయన ఆ లోపమే మలేరియానుండి కొంత రక్షణ నిచ్చును. మన మన్యమున మలేరియాయు కలదు. ఆ మందును కలదు. కావున ఈ ఒక్క విషయమును ఎరిగినవాడు కౌంటరువద్ద నుండుటకును, లేకపోవుటకును నడుమ ఒక ప్రాణమున్నది. నాకు పాఠములో అది చెప్పియుండిరేమో! రోగుల యెదుట నిలువవలసిన గంటలను ఎగవేసినవానికి, అది నోటికి రావలసిన వేళకు రాలేదు.

ఇక వేగముగా చదువుటను గూర్చి విదేశములయందు ఏమి చేసిరో చూతము. రెండవ ప్రపంచయుద్ధకాలమున అమెరికాలోని ఫార్మసీ కళాశాలలు వేసవిసెలవులు మాని, సంవత్సరము పొడుగున తరగతులు నడిపి, నాలుగేండ్ల చదువును ఇంచుమించు మూడేండ్లలో ముగించెను. నేడును అచ్చట సాధారణముగా నాలుగేండ్లు పట్టు డాక్టర్ ఆఫ్ ఫార్మసీ పాఠ్యక్రమమును, కాలిఫోర్నియాలోని పసిఫిక్ విశ్వవిద్యాలయము చిరకాలముగా మూడేండ్లలో నడుపుచున్నది. శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయము 2018లో ఆ పద్ధతికి మారెను. ఇచ్చట గమనింపవలసిన దేమనగా, వారు కోసినది సెలవులను. ఆసుపత్రిలో చేయవలసిన పనిని కాదు. సెలవులను కోసి తెచ్చిన వేగము వేరు, చదువును కోసి తెచ్చిన వేగము వేరు. మొదటిది విద్యార్థికి కష్టము. రెండవది రోగికి కష్టము.

మనదేశమున సెలవులు కోసెడు పద్ధతి లేదు. మన దగ్గరి దారి యనగా చిన్న పట్టము. డి.ఫార్మసీ రెండేండ్లు, దానిపై మూడు నెలలకు తక్కువగాక 500 గంటల శిక్షణ. పిదప ఫార్మసిస్టుగా నమోదైనచో, దుకాణమునందుగాని ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునందుగాని పనిచేయవచ్చును. బి.ఫార్మసీ నాలుగేండ్లు. డ్రగ్ ఇన్‌స్పెక్టరు కావలెనన్నను, కర్మాగారమున మందుల తయారీని పర్యవేక్షింపవలెనన్నను పట్టము కావలయును. ఫార్మ్.డి. 2008లో వచ్చినది, ఐదేండ్ల చదువు, ఒక యేడు ఆసుపత్రిలో ఇంటర్న్‌షిప్, మొత్తము ఆరేండ్లు. దానిని బోధించు కళాశాలకు 300 పడకల ఆసుపత్రి తోడు ఉండవలెనని నిబంధన.

డి.ఫార్మసీ చదివినవారు బి.ఫార్మసీ రెండవ సంవత్సరమున నేరుగా చేరవచ్చును. లెక్క చూడుడు: రెండును మూడును ఐదు. తిన్నగా చదివినవానికి నాలుగే. బి.ఫార్మసీ పిదప ఫార్మ్.డి. చదువువారికి మరి మూడేండ్లు; నాలుగును మూడును ఏడు. తిన్నగా పోయినవానికి ఆరే. అనగా తుదివరకు పోదలచినవానికి దగ్గరి దారియే దూరమగును. అయినను మెట్టుమెట్టున జీతము సంపాదించుకొనుచు పోవలసినవానికి ఆ యొక్క యేడు నష్టము కాదు.

మరియొక సంగతి. కొన్ని తలుపులు ఎన్నడో ఎచ్చటనో మూసికొనును. అమెరికాలో ఈ వృత్తి చేయగోరు విదేశీయులు ఒక అర్హతాపరీక్ష వ్రాయవలెను. 2003 జనవరి 1 నుండి పట్టము పొందినవారైనచో, ఐదేండ్ల పాఠ్యక్రమము చదివినవారికే ఆ పరీక్ష యని నిర్ణయించిరి. మన బి.ఫార్మసీ నాలుగేండ్లది. అంతకుముందు ఆ పట్టముతో పోయిన తెలుగువారికి తెరచియున్న ద్వారము, వారి తమ్ములకును చెల్లెండ్రకును మూసికొనెను. చదువులో ఒక యేడు తక్కువగుట చేరునాడు లాభముగనే తోచును. దాని వెల తెలియుటకు పదేండ్లు పట్టవచ్చును.

ఆదివారమునాడు ఆ బాలిక మరల వచ్చెను. నా తప్పును ఆమెకు ఉన్నదున్నట్లు చెప్పితిని. పిమ్మట ఇట్లంటిని: "నీ యింటి సంగతి నాకు తెలియును. ఆరేండ్లు జీతము లేక నీవు చదువలేవు; అందులో సిగ్గు లేదు. రెండేండ్లదే తీసుకో. కాని మూడు మాటలు మరువకు. ఆ 500 గంటలలో ఒక్కటికూడ కాగితముమీద నిండించరాదు, నిలిచి నిండించు. కళాశాలలో చేరకముందే పోయి, పిల్లలను నిజముగా ఏ ఆసుపత్రికి పంపుచున్నారో కన్నులార చూచి రా. చదువు ముగిసినాక నీ సర్టిఫికెట్టు అద్దెకు ఇమ్మని, నీవు దుకాణమునకు రానక్కరలేదని, నెలకింత యిచ్చెదమని నీ దగ్గరకు వచ్చువారుందురు. వారికి మాత్రము ఒప్పుకోకు. నీ పేరు గోడమీద వ్రేలాడుచుండగా నీవు లేని దుకాణములో, నీ ఊరి పిల్లకే ఆ బిళ్ల ఇచ్చెదరు."

ఆమె కొంతసేపు ఊరకుండి, "ఆ నల్లమూత్రం సంగతి మా భాషలో ఎట్లా చెప్పాలో నాకు తెలుసు తాతా" అన్నది.

నలుబదియేండ్ల యనుభవమున నాకు రాని విద్య అది. రోగికి తన భాషలో, తన భయమెరిగి చెప్పగలవారు మన్యమునకు కావలెను. అట్టివారిని మనము తొందరగా రప్పింపవలసినదే. కాని ఆ తొందరలో మనము కోసివేయునది సెలవులా, రోగి యెదుట నిలువవలసిన గంటలా అని ప్రతి తల్లియు, ప్రతి తండ్రియు, కళాశాలలు నడుపు ప్రతి పెద్దయు ఒకమారు విచారింపవలెనని నా విన్నపము. ఆ బాలిక ఈ యేడు మొదటి సంవత్సరమున చేరినది. వచ్చే సంక్రాంతికి ఇంటికి వచ్చినప్పుడు, కళాశాలవారు తమ్మును ఏ ఆసుపత్రికి పంపిరో నాకు వచ్చి చెప్పెదనని మాట యిచ్చినది. ఎదురు చూచుచున్నాను.