డబ్బా ఒకచోట, బొమ్మ ఒకచోట

మా మామూజాన్ నాచారంలో లైట్ బాయ్. ఎన్టీఆర్ కట్టించిన రామకృష్ణ స్టూడియోలో నౌకరీ. ఉప్పల్ నుంచి రోజూ సైకిల్ మీద పోయేవారు. ఆ సెట్ల సంగతులు, ఆ లైట్ల వేడి, నటుల మిజాజ్ చెప్తుంటే మాకు రాత్రి ఎట్ల గడిచేదో తెలిసేది కాదు. 2019లో ఆయన్ని కూర్చోబెట్టి ఆరు నిమిషాలు ఫోన్‌లో రికార్డ్ చేశాను. రెండేళ్లకు కరోనాలో ఆయన ఇంతెకాల్ అయ్యారు. ఆ ఆరు నిమిషాలే మాకు మిగిలిన ఆవాజ్.

పోయిన ఏడాది ఉప్పల్‌లోని ఒక బడిలో నాచారం తారీఖ్ మీద మాట్లాడమన్నారు. స్లైడ్లను వెబ్ పేజీలాగా తయారుచేసి, ఐదో స్లైడ్‌లో మామూ వీడియో పెట్టాను. ఇంట్లో బ్రహ్మాండంగా నడిచింది. ఆ ఫైలును పెన్‌డ్రైవ్‌లో వేసుకుని పోయాను. వాళ్ల కంప్యూటర్‌లో ఐదో స్లైడ్ తెరిస్తే నల్ల చతురస్రం తప్ప ఏమీ లేదు. ముందు వరుసలో మామూ బిడ్డ కూర్చుని ఉంది. అబ్బా ఆవాజ్ వినాలని పనిగట్టుకుని వచ్చింది. ఏమీ అనలేదు. తల వంచుకుంది.

కసూర్ నాదే. ఉర్దూ మీడియంలో మాకు 'హవాలా' అంటే దొంగ పైసల వ్యవహారం కాదు. ఏ మాట ఏ కితాబులో ఉందో చూపే సూచన. నా స్లైడ్‌లో ఉన్నది మామూ కాదు, మామూకు హవాలా. 'మా ఇంటి కంప్యూటర్‌లో, ఫలానా ఫోల్డర్‌లో వెతుకు' అనే పతా. ఆ పతా పరాయి కంప్యూటర్‌కు ఎట్ల పనిచేస్తుంది?

మామూ జమానాలో ఈ గందరగోళం లేదు. 1977 సంక్రాంతికి వచ్చిన 'దాన వీర శూర కర్ణ' దాదాపు నాలుగు గంటల సినిమా. థియేటర్‌కు రీళ్ల డబ్బాలు రావాల్సిందే. డబ్బా వస్తే బొమ్మ, రాకపోతే లేదు. బొమ్మ ఎక్కడుందో చేతికి తెలిసేది.

బొమ్మ ఒకచోట, పెట్టె ఒకచోట అనే దౌర్ కూడా మన చుట్టుపక్కలే మొదలైంది. నాచారానికి దగ్గర్లోని ఈసీఐఎల్, 'సైట్' ప్రయోగం కోసం టీవీ సెట్లు తయారుచేసింది. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 దాకా, ఆంధ్రప్రదేశ్ సహా 6 రాష్ట్రాల్లో సుమారు 2400 ఊళ్లకు అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 ద్వారా కార్యక్రమాలు వచ్చాయి. సెట్టు మనది, ఉపగ్రహం ఏడాదికి అరువు తెచ్చుకున్నది. గడువు తీరింది, ఉపగ్రహం వెళ్లిపోయింది. సెట్టు ఉన్నా ఆకాశం నుంచి వచ్చే బొమ్మ ఆగిపోయింది. 1977లో హైదరాబాద్ దూరదర్శన్ మొదలయ్యాక నేల మీది ట్రాన్స్‌మిటర్ నుంచి బొమ్మ వచ్చింది.

కంప్యూటర్ స్లైడ్లదీ ఇదే కహానీ. 1987లో పుట్టిన పవర్‌పాయింట్ చాలా ఏళ్లు వీడియోకు పతా మాత్రమే రాసుకునేది. 2010 వెర్షన్ నుంచే వీడియోను ఫైల్ లోపలే దాచడం మామూలైంది. వెబ్‌లో మొదట ఫ్లాష్ రాజ్యం. 2007లో ఒపేరా కంపెనీ 'వీడియో' అనే ట్యాగ్‌ను ప్రతిపాదించింది, అది హెచ్‌టీఎంఎల్5లో చేరింది. 2020 చివర్లో ఫ్లాష్‌కు అడోబీ మద్దతు ఆపేసింది. దాని మీదే ఆధారపడ్డ బొమ్మలెన్నో చీకట్లో కలిశాయి. 2011లో స్వీడన్ ప్రోగ్రామర్ హకీం ఎల్ హత్తాబ్ తెచ్చిన రివీల్ జేఎస్ లాంటి సాధనాలు బ్రౌజర్‌లోనే స్లైడ్లు నడిపిస్తాయి.

అయితే ఇంటర్నెట్ నుంచి వచ్చిన పేజీ మన కంప్యూటర్‌లోని ఫైలును తనంతట తాను తెరవలేదు. ఇజాజత్ లేకుండా పరాయివాడు మన ఇంటి సందూక్ తెరవకూడదన్న కాయిదా అది. మంచిదే. గూగుల్ స్లైడ్స్‌లోనైతే మన వీడియోను ముందు యూట్యూబ్‌కో డ్రైవ్‌కో ఎక్కించాలి. డ్రైవ్‌లో పెడితే చూసేవాళ్లకు ఇజాజత్ ఇవ్వడం మరవద్దు. నెట్ లేని హాల్లో అదీ పనికిరాదు.

సొంతంగా వెబ్ స్లైడ్లు చేసేవాళ్లకు నేను నేర్చుకున్న సబక్ ఇది. వీడియోను స్లైడ్ల ఫోల్డర్‌లోనే పెట్టండి. పతాలో మీ డ్రైవ్ పేరు, మీ పేరు రాకుండా, ఫైల్ పేరు మాత్రమే రాయండి. ఫోల్డర్ మొత్తం తీసుకుపోండి. హెచ్264 ఎంపీ4 దాదాపు అన్ని బ్రౌజర్లలో ఆడుతుంది. కొత్త ఫోన్లు తీసే హెచ్ఈవీసీ అన్నిచోట్లా ఆడదు. శబ్దం ఉన్న వీడియోను బ్రౌజర్ తనంతట మొదలుపెట్టకపోవచ్చు, నొక్కడానికి సిద్ధంగా ఉండండి. అన్నిటికన్నా ముందు, వేరేవాళ్ల కంప్యూటర్‌లో ఒక్కసారి ఆడించి చూడండి.

మన బస్తీల తారీఖ్ కితాబుల్లో తక్కువ. పెద్దవాళ్ల నోట, ఇప్పుడు మన ఫోన్లలో ఉంది. అది అమానత్. అమానత్‌ను పతా రాసిచ్చి అప్పగించరు, చేతిలో పెడతారు.

మరునాడు మామూ బిడ్డ ఇంటికి పోయాను. చిన్న పెన్‌డ్రైవ్ ఇచ్చాను, అందులో ఫోల్డర్ మొత్తం ఉంది. ఆమె కంప్యూటర్‌లో పెట్టి, ఐదో స్లైడ్ తెరిచాం. మామూ గొంతు సవరించుకుని, "ఆన్ అయిందా మియా?" అన్నారు.