హాస్పిస్ గృహసేవ

హాస్పిస్ గృహసేవ అనగా నయమయ్యే అవకాశం లేని వ్యాధితో అంత్యదశలో ఉన్న రోగికి ఇంటివద్దనే బాధను తగ్గించే సేవ. ఇందులో ప్రధాన పాత్ర నర్సుది.

చరిత్ర

నర్సుగా శిక్షణ పొంది, తరువాత వైద్యురాలైన సిసిలీ సాండర్స్ 1967లో లండన్ నగరంలో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్‌ను స్థాపించింది. 1969లో అక్కడినుండి గృహసేవ మొదలైంది. భారతదేశంలో 1993లో కోళికోడ్‌లో ఏర్పడిన పెయిన్ అండ్ పాలియేటివ్ కేర్ సొసైటీ ఈ సేవకు మార్గదర్శకమైంది. 2008లో కేరళ ప్రభుత్వం ఉపశమన చికిత్సా విధానాన్ని ప్రకటించిన పిదప, స్థానిక సంస్థల ద్వారా నర్సులు రోగుల ఇళ్ళకు వెళ్ళడం విస్తరించింది.

నర్సు విధులు

నొప్పి తీవ్రతను అడిగి తెలుసుకొనుట, పుండ్లను శుభ్రపరచుట, నోటి శుభ్రత, పడక పుండ్లు రాకుండా రోగిని పక్కలకు తిప్పుట ముఖ్య విధులు. తీవ్రమైన నొప్పికి వైద్యుడు సూచించిన మార్ఫిన్ మాత్రలను సాధారణంగా 4 గంటలకొకసారి, నొప్పి తిరిగి రాకముందే ఇవ్వాలి. దీనివలన మలబద్ధకం కలుగుతుంది కనుక విరేచనం సాఫీగా అయ్యే మందు కూడా ఇస్తారు.

రాత్రింబవళ్ళు రోగి చెంత ఉండేది కుటుంబసభ్యులే. కావున వారికి ఈ పనులు నేర్పడం నర్సు బాధ్యతలలో అతి ముఖ్యమైనది. చివరి గంటలలో శ్వాస లయ తప్పడం, గొంతులో గురగుర శబ్దం రావడం సహజమని ముందే తెలిపినచో, ఇంటివారు భయపడి రోగిని ఆసుపత్రికి తరలించే అవసరం చాలావరకు తప్పుతుంది. మరణానంతరం కుటుంబాన్ని ఓదార్చుట కూడా ఈ సేవలో భాగమే.