సూది మొన నుంచి బ్లూటూత్ దాకా

1902 నవంబరులో కలకత్తాలో గాయని గౌహర్ జాన్ గొంతును రికార్డింగ్ ఇంజనీరు ఫ్రెడ్ గైస్‌బర్గ్ రికార్డు చేశాడు. ప్లేట్లు అచ్చయింది మాత్రం జర్మనీలోని హానోవర్‌లో. ఆ లక్క ప్లేటు ఒక్కో వైపు మూడు నిమిషాలే పాడేది. గ్రామఫోనుకు కీ ఇచ్చి తిప్పాలి, ఉక్కు సూదిని తరచూ మార్చాలి. బద్ధకిస్తే గాడి అరిగి పాట గరగరలాడేది.

1948లో అమెరికాలోని కొలంబియా కంపెనీ వినైల్ ఎల్పీ (లాంగ్ ప్లే) రికార్డు తెచ్చింది. వైపుకు ఇరవై నిమిషాలకు పైగా పాట! అయితే సూదిని పట్టి ఉంచే అయస్కాంత కార్ట్రిడ్జి ఇచ్చే సిగ్నల్ మిల్లీవోల్టుల్లోనే. దాన్ని పెంచే ప్రీయాంప్ లేకుంటే స్పీకరు పీలగా పలుకుతుంది.

నేటి చాలా బ్లూటూత్ రికార్డు ప్లేయర్లలో ప్రీయాంప్ లోపలే ఉంటుంది. తీగ పోయింది గానీ సూది చాదస్తం పోలేదు: టోన్‌ఆర్మ్ బరువు తగ్గితే పాట గెంతుతుంది, పెరిగితే గాడి అరుగుతుంది. బ్లూటూత్ స్పీకరు ప్లేయరుతో జత కుదరకపోతే ముందు దాన్ని ఫోన్ నుంచి విడదీయాలి. చాలాసార్లు అది పాత జతనే పట్టుకుని ఉంటుంది.